కొలతలకి వచ్చిన మనిషి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం ఐదుగురం. కిటికీ పక్కన చెక్క కుర్చీలో నాన్న, ఒళ్ళో చేతికర్ర. వంటింట్లో అమ్మ. గుమ్మం దగ్గర మడత బల్ల వేసుకుని కూర్చున్న మామయ్య, తను నడిపే వ్యానుకి ఆ రోజు సెలవు కాబట్టి. బీరువాకీ గోడకీ మధ్య, నాకు అలవాటైన సందులో నేను. ఐదో మనిషి పదకొండు గంటలకి వచ్చింది.

ఐదో మనిషి మా అక్క. తను ఇల్లు వదిలి ఏడు నెలలైంది. ఏ పెళ్ళి కోసమో వదిలి ఉంటే ఊళ్ళో చెప్పుకోవడానికి తేలికగా ఉండేది. అక్క ఫ్లోరింగు షాపులో ఉద్యోగం కోసం వదిలింది. నాన్న ముప్పై ఏళ్ళు గచ్చులు చేసిన తాపీ మేస్త్రి. సిమెంటు పరిచి, మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ, అద్దంలా నునుపు తేల్చేవాడు. అతికించే పలకలూ, పరిచే షీట్లూ వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఆ తరవాత మోకాళ్ళు పోయాయి. అలాంటి మనిషి కూతురు ఆ పలకలు అమ్మే షాపులోనే చేరుతానంటే, "అక్కడ అడుగు పెట్టినదానివి నా గచ్చు మీద పెట్టకు" అన్నాడు. అక్క ఆ మాటని ఉన్నదున్నట్టుగా తీసుకుంది. మర్నాటి నుంచీ పెట్టలేదు.

ఆ వానాకాలంలో మా ముందుగది గోడలోని నీళ్ళ గొట్టం పగిలింది. గొట్టం బాగుచేయించాం గానీ గచ్చు కిందకి చెమ్మ దిగిపోయింది. అక్కడక్కడా ఉబ్బి, నెర్రెలు విచ్చింది. అమ్మ రెండుసార్లు తట్టుకుని పడబోయింది. మార్చక తప్పదు. అమ్మ కుట్టుమిషను మీద కూడబెట్టిన ఇరవై రెండు వేలలోనే అంతా అయిపోవాలి. అప్పుడే నేను ఆ ఉత్తరం రాశాను.

మా ఇంట్లో ఉత్తరాలకి ఒక పద్ధతి ఉంది. నాన్నకి సంతకం, అంకెలు తప్ప రాయడం రాదు. పని ఒప్పుకున్నా, పాత గిరాకీ ఎవరైనా గచ్చు గురించి సలహా అడిగినా, ఆయన చెప్తూ ఉంటే మాలో ఒకరం కాగితం మీద పెట్టేవాళ్ళం. మొదట అక్క రాసేది. తను వెళ్ళాక నేను. నాన్న మాటలు నాలుగే ఉంటాయి, చివరిది ఎప్పుడూ ఒకటే: "మిగతాది ఎదురుగా." ఆ కింద వాలుగా సంతకం. అక్క షాపుకి నేను రాసిన ఉత్తరంలోనూ అవే మాటలు. 'మా ముందుగది గచ్చు పాడైంది. ఇరవై రెండు వేలకి మించి డబ్బు లేదు. కొలతలకి మీ దగ్గర పనిచేసే మా పెద్దమ్మాయిని పంపండి. గచ్చు సంగతి తనకి తెలుసు. మిగతాది ఎదురుగా.' సంతకం కూడా నేనే పెట్టాను. నాన్న చెప్పలేదు. ఆయనకి తెలియదు.

వ్యానులో తీసుకెళ్ళి షాపులో ఇచ్చిన మామయ్య కూడా అది నాన్న చెప్పి రాయించిందే అనుకున్నాడు. బావ దిగొచ్చాడు, పైకి ఒప్పుకోవడానికి నామోషీ పడుతున్నాడు అనుకుని, నాన్నతో ఒక్క ముక్కే చెప్పాడట: తెలిసిన షాపు నుంచి ఒక మనిషి వచ్చి ఊరికే కొలతలు చూసిపోతుందని. నాన్న సరేనన్నాడు.

తలుపు తీసింది మామయ్యే. అక్క బూడిదరంగు షాపు చొక్కా వేసుకుంది, భుజాన నమూనాల సంచి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నాకు ఆ జుట్టు చూసి ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. రాత్రి పడుకునేముందు ఆ జడ నా చేతిలో ఉండేది, అంతే.

నాన్న చూశాడు. కర్ర మీద చెయ్యి బిగుసుకుంది. అక్క గడప అవతలే నిలబడింది. వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు కూడా వినిపించింది. అక్క చూపు నాన్న మీద ఉంది, పిలిచినవాళ్ళు పలకరిస్తారని చూసే చూపు. నాన్న మొహంలో మాత్రం ఇంకేదో ఉంది. ఇన్నాళ్ళకి తనంతట తనే వచ్చిందన్న ఆశ్చర్యం అది. ఆ రెండు చూపులకీ మధ్య ఉన్న అబద్ధం నాది.

"రండి," అన్నాడు నాన్న. "కొలతలకేగా."

మీరు అన్నాడు. సొంత కూతుర్ని. వంటింటి గుమ్మంలోకి వచ్చిన అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

అక్క బూట్లు విప్పబోయింది. అక్కర్లేదు, షాపువాళ్ళు విప్పక్కర్లేదు, ఎలాగూ పగిలిందేగా అన్నాడు నాన్న. అక్క వినలేదు. బూట్లూ మేజోళ్ళూ విప్పి మెట్టు మీద పెట్టి, ఉత్త కాళ్ళతో లోపలికి వచ్చింది. ఒక్క క్షణం ఆగి, కాలి వేళ్ళు గచ్చుకి ఆనించి నొక్కింది. చెమ్మ చూస్తోందని మామయ్య అనుకుని ఉంటాడు. నేను అలా అనుకోలేదు.

"బావా, షాపువాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వొచ్చా, లేక దానికి కూడా రసీదు రాయాలా?" అన్నాడు మామయ్య. నాన్న నవ్వలేదు. అక్క మూతి మాత్రం కొంచెం కదిలింది.

కొలవడానికి ఇద్దరు కావాలి. అక్క టేపు బయటికి లాగి చుట్టూ చూసింది. "ఏయ్ నత్తా, గుల్లలోంచి బయటికి రా," అన్నాడు మామయ్య. బీరువా సందులోంచి వచ్చి టేపు చివర పట్టుకున్నాను. అక్క నా వైపు చూడకుండానే గోడకి ఆనించమని చేత్తో చెప్పింది. తన దగ్గర కొత్త వాసన, జిగురుదీ రబ్బరుదీ. రెండో గోడ దగ్గర నా పక్కగా వంగినప్పుడు మాత్రం, అంకె చదువుతున్నట్టే మొహం పెట్టి, "పొడుగయ్యావు," అంది.

అంతే అంది. నాకు ఆ రోజంతా అది చాలు. టేపు చివర వదలకుండా ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, అక్క రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

పొడవు పదిహేను అడుగులు, వెడల్పు పదకొండున్నర. అక్క కాగితం మీద వేసుకుని, సంచిలోంచి నమూనాలు తీసి వరసగా పరిచింది. చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలక ఒకటి. చుట్టగా వచ్చే షీటు ముక్క ఒకటి. గరుకు టైలు, నున్నటి టైలు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చెక్క రంగు పలక మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. చల్లగా లేదు అంది మెల్లిగా, పొద్దున్నే లేచి కాలు కింద పెడితే జివ్వుమనదు కదా అంది. అమ్మకి ఏదైనా కావాలనిపించడం నేను చూసిన సందర్భాలు తక్కువ. మామయ్య ఆ పలకని వంచి చూసి, "ఇది అచ్చం బావలాగే ఉందక్కా. పైన చూస్తే టేకు, కింద రబ్బరు," అన్నాడు అమ్మతో.

ధరలు చెప్పమన్నాడు నాన్న. అక్క షాపు మనిషిలాగే చెప్పింది. పలకలు సరుకుకే ఇరవై ఎనిమిది వేలు. టైలు సరుకు అందుతుంది గానీ పాత గచ్చు కొట్టించి, మోయించి, అతికించే కూలి కలిపితే పలకల కన్నా ఎక్కువ. షీటు ఒక్కటే మన డబ్బులో వస్తుంది, ఇంకా ఆరేడు వేలు మిగులుతాయి కూడా. అమ్మ పలక మీంచి చెయ్యి తీసేసి షీటు ముక్క అందుకుంది. ఇదీ బాగానే ఉంది అంటూ దాన్ని కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ ఎప్పుడూ అలాగే అంటుంది.

"ఏది వేసినా ముందు కింద ఎలా ఉందో చూడాలి," అంది అక్క.

మోకాళ్ళ మీద కూర్చుని, టేపు డబ్బా అంచుతో గచ్చుని కొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. గట్టిగా ఉన్నచోట చిన్నగా, పొడిగా మోగుతుంది. కింద వదులైనచోట డొల్లగా మోగుతుంది. చిన్నప్పుడు మాకు ఇది ఆట. నాన్న కళ్ళు మూసుకుని వినేవాడు, అక్క కొట్టేది, డొల్ల ఎక్కడో నాన్న చెప్తే నేను సుద్దముక్కతో గుండ్రం చుట్టేదాన్ని. ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే అమ్మ మిషను సొరుగులోంచి సుద్దముక్క తెచ్చుకుని అక్క వెనక కూర్చున్నాను.

టక్, టక్, టొక్.

"అక్కడ కాదు," అన్నాడు నాన్న. కళ్ళు మూసుకునే ఉన్నాడు. "జానెడు ఎడమకి."

అక్క జరిగింది. కొట్టింది. డొల్ల అక్కడే మొదలైంది. నేను గీశాను. అలా కిటికీ దగ్గర నుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చాం, అక్క ముందు, నేను వెనక, నాన్న గొంతు మా ఇద్దరి మీదా. ఒకచోట అక్క కొట్టి ముందుకు జరగబోతే, నాన్న కర్రతో నేల మీద తట్టాడు.

"చెవులు షాపులో పెట్టొచ్చావా? మళ్ళీ కొట్టు నువ్వు."

నువ్వు అన్నాడు. అన్న సంగతి ఆయనకి తెలియలేదు. అక్కకి తెలిసింది. తల ఎత్తకుండా మళ్ళీ కొట్టింది, ఈసారి మెల్లిగా. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మామయ్య నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నాకైతే ఆ గది ఇంకో ఇరవై అడుగులు పెద్దదై ఉంటే బాగుండేదనిపించింది. కొలవాల్సింది, కొట్టాల్సింది, గీయాల్సింది ఇంకా చాలా మిగిలి ఉంటే.

అయిపోయింది. సుద్ద గుండ్రాలు లెక్కపెడితే తొమ్మిది, అన్నీ గొట్టం ఉన్న గోడ వైపే. అవతలి సగం గచ్చు ఇరవై రెండేళ్ళ తరవాత కూడా ఇనుములా ఉంది. అక్క చిన్న ప్లాస్టిక్ కాగితం ఒకటి తడి గోడ పక్కన నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించింది. రేపు ఈ వేళకి విప్పి చూస్తే లోపలి వైపు చెమట పడుతుందో లేదో తెలుస్తుందని అమ్మకి చెప్పింది. ఆ తరవాత లేచి నిలబడి, ఒక్కొక్కటిగా నమూనాలన్నీ సంచిలో సర్దేసింది.

"మా షాపు సరుకు ఏదీ ఈ గదికి వద్దు," అంది.

నాన్న కళ్ళు తెరిచాడు. అమ్ముకోడానికి వచ్చినదానివి వద్దంటావేంటి అన్నాడు.

"షీటు వేస్తే రెండేళ్ళు. కింద చెమ్మ ఉంది, పైకి తన్నుకొస్తుంది. పలకలైనా అంతే, కాకపోతే డబ్బు ఎక్కువ పోతుంది. అవతలి సగాన్ని ముట్టుకోకూడదు నాన్నా, అలాంటిది మళ్ళీ రాదు. ఈ సగం కొట్టేసి, ఎండనిచ్చి, మళ్ళీ గచ్చే చెయ్యాలి. సిమెంటు, ఇసుక, అన్నీ కలిపినా పది వేలు దాటదు."

నాన్న తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. "చేసేదెవరు?"

"నేను చేస్తాను. నా సెలవు రోజుల్లో. నువ్వు కుర్చీలో కూర్చుని చెప్పు."

నాన్న కిటికీ వైపు తిరిగాడు. మా నాన్న ఏడవగా నేను చూడలేదు, అప్పుడూ చూడలేదు. మొహం మాత్రం మా వైపు తిప్పలేదు. నేను గోడకి ఆనుకుని, సుద్దముక్క గుప్పిట్లో నలుపుతూ, ఒప్పుకో నాన్నా, ఒప్పుకో అనుకుంటున్నాను. ఒప్పుకుంటే అక్క రేపు వస్తుంది. రేపు వస్తే ఎల్లుండి వస్తుంది. మా మంచం మీద కిటికీ వైపు సగాన్ని నేను ఏడు నెలలుగా ఖాళీగా ఉంచాను, పొరపాటున కూడా అటు దొర్లలేదు.

"చేద్దాం," అన్నాడు నాన్న. తరవాత ఆయనే, ఎవరూ అడగకుండానే, ఇంకా మాట్లాడాడు. అదే ముంచింది. "నేను ఆ రోజు అనకూడని మాట అన్నాను. వెనక్కి తీసుకోవడం నా చేత కాలేదు. నువ్వు పంతం పట్టకుండా నీ అంతట నువ్వే వచ్చావు చూడు. పెద్దదానివి అనిపించుకున్నావు."

అక్క నవ్వింది. ఇల్లు వదిలిన తరవాత మా ఇంట్లో అది తన మొదటి నవ్వు.

"నా అంతట నేను ఎక్కడొచ్చాను నాన్నా? నువ్వు రాయిస్తేనే కదా."

నాన్నకి అర్థం కాలేదు. అక్క మెడలో వేలాడుతున్న షాపు కార్డు వెనక నుంచి మడతపెట్టిన కాగితం తీసింది. మడతల దగ్గర అప్పుడే నలిగిపోయి ఉంది. నేను రాసి పది రోజులు కూడా కాలేదు. ఎన్నిసార్లు విప్పి మూసిందో.

"చదవక్కర్లేదు, నాకు నోటికి వచ్చేసింది," అంది. "గచ్చు సంగతి తనకి తెలుసు. మిగతాది ఎదురుగా." ఆ మొదటి మాట అంటున్నప్పుడు తన గొంతు చిన్నపిల్లదిలా అయిపోయింది. నాన్న ఎవరినీ మెచ్చుకోడు. ఆయన దగ్గర పదేళ్ళు పని నేర్చుకున్నవాళ్ళకి కూడా ఆ మాట దొరకలేదు. నేను దాన్ని ఎంత సులువుగా రాసేశానో అప్పుడు తెలిసింది.

నాన్న కాగితం అందుకున్నాడు. సంతకం మీద బొటనవేలు పెట్టి చూశాడు. తల ఎత్తి, అక్కని దాటి, నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఔను," అన్నాడు. "నేనే చెప్పి రాయించాను. మర్చిపోయాను."

నాన్న ఏదీ మర్చిపోడు. ఏ ఇంటి గచ్చుకి ఎన్ని బస్తాలు పట్టాయో ఇప్పటికీ చెప్పగలడు. ఆ సంగతి అక్కకి నాకంటే బాగా తెలుసు. తన మొహంలో నవ్వు పోలేదు, అక్కడే ఆగిపోయింది.

"ఎప్పుడు రాయించావు?"

"మొన్నీమధ్యనే. పోయిన వారం."

"ఏ మాటతో మొదలుపెట్టావు?"

నాన్న చేతిలో కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. బావకి ఈమధ్య మతిమరుపు, నిన్న కూడా కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతికాడు అన్నాడు మామయ్య. ఎవరూ నవ్వలేదు. మామయ్య కూడా నవ్వలేదు.

అక్క నా వైపు తిరిగింది. ఆ రోజు తను నన్ను తిన్నగా చూడడం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పు. గచ్చు సంగతి నాకు తెలుసన్న మాట నాన్న అన్నాడా?"

ఔను అంటే సరిపోయేది. నాన్న అప్పటికే అనేశాడు, నేను తల ఊపితే చాలు. పైగా అది అబద్ధం కూడా కాదేమో. అరగంట సేపు ఆయన కళ్ళు మూసుకుని అక్క చేతిని నమ్మాడు కదా, అది ఆ మాట అన్నట్టే కదా. ఇదంతా ఇప్పుడు కాగితం మీద చక్కగా వస్తోంది. అప్పుడు నోట్లోంచి ఏమీ రాలేదు. చేతిలో కలం ఉంటే నాన్న గొంతుతో మాట్లాడగలిగినదాన్ని, ఎదురుగా అక్క నిలబడితే నా గొంతుతో ఒక్క అక్షరం అనలేకపోయాను. సుద్ద పొడి వేళ్ళ మధ్య నుంచి రాలిపోయింది.

అక్క ఇంకాసేపు చూసింది. ఉత్తరాన్ని నాన్న చేతిలోంచి తీసుకుని, మడిచి, నా చేతిలో పెట్టింది. సంచి భుజాన వేసుకుంది. అమ్మ, తిని వెళ్ళవే, అన్నం అయిపోయింది అంటూ వెనకే వచ్చింది. షాపుకి టైమైపోయిందమ్మా అంది అక్క, మామూలుగానే. నాన్న కర్ర ఊనుకుని లేవబోయి, లేవలేక, ఆగు అన్నాడు. ఆ మాట అక్కకి వినపడిందో లేదో తెలియదు. అప్పటికే గడప దాటింది.

నేను పరుగెత్తాను. బూట్లు తొడుక్కుంటూ ఉంది. అక్కా అన్నాను. అంత ఆలస్యంగా వచ్చింది గొంతు.

అక్క తాళ్ళు కట్టుకోవడం ఆపి, తల వంచుకునే అంది. "నాన్న పిలిచాడని వారం రోజులు నిద్ర పట్టలేదు నాకు. నీ పేరు పెట్టి రాసినా వచ్చేదాన్నే. నువ్వు పిలిస్తే రాననుకున్నావా?"

నేను గడప మీదకి కాలు వేశాను. అక్క లేచి, చెయ్యి చాపి, నా మొహం మీదే తలుపు వేసేసింది. విసురుగా కాదు. గడియ పడేదాకా మెల్లిగా లాగి వేసింది.

తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. మా మెట్లు ఐదు, బూట్లతో దిగితే ప్రతి మెట్టూ వినపడుతుంది. ఒక్కటి కూడా దిగిన చప్పుడు లేదు.